కంటి యాంజియో రాసిచ్చారా? ఒక్క ప్రయాణంలో పని పూర్తయ్యేలా ఇలా చేయండి

కంటి యాంజియో అంటే కంటి వెనక ఉండే రెటీనా అనే పొరలోని రక్తనాళాలను ఫొటోలు తీసే పరీక్ష. రెటీనా డాక్టరు చీటీ మీద ‘ఎఫ్.ఎఫ్.ఏ.’ అనో, ‘ఓ.సి.టి. యాంజియో’ అనో రాసిచ్చాక బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు నన్ను అడిగేవి ఎప్పుడూ ఒకే ప్రశ్నలు. గుండెకు చేసినట్టు వైరు ఎక్కిస్తారా? కంట్లో సూది వేస్తారా? కిడ్నీలు పాడవుతాయా? షుగర్ మాత్ర ఆపాలా? పొద్దున తినొచ్చా, కూడదా?

నేను కర్నూలులో కంటి ఫొటోలు తీసే గదిలో పనిచేస్తాను. ఆదోని నుంచో ఆలూరు నుంచో తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన పెద్దాయన, పరీక్ష కుదరలేదనిపించుకుని సాయంత్రం వట్టి చేతులతో తిరిగిపోతుంటే చూడలేను. ఆయన రోజు కూలి, తోడొచ్చిన కొడుకు కూలి, ఇద్దరి ఛార్జీలు పోయినట్టే. వీటిలో చాలామటుకు ఇంటి దగ్గరే సరిచేసుకోగలిగిన చిన్న విషయాల వల్ల వచ్చే ఇబ్బందులే. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. చదివి, మీ నాయనకో అమ్మకో చెప్పండి.

మొదట ఒక హెచ్చరిక

నొప్పి లేకుండా ఒక కన్ను ఉన్నట్టుండి చీకటైపోతే ఈ వ్యాసం పక్కన పెట్టండి. యాంజియోకు అపాయింట్‌మెంటు అడగకండి, రేపు చూద్దాం అనుకోకండి. కంటికి రక్తం తెచ్చే ప్రధాన ధమని మూసుకుపోతే రెటీనా గంటల్లోనే చచ్చిపోతుంది. మెదడుకు వచ్చే పక్షవాతం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వెంటనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఒకసారి చూపు పోయి పది నిమిషాల్లో తిరిగి వచ్చినా సరే, వెళ్లాల్సిందే.

ఏ పరీక్ష రాశారో తెలుసుకోండి

చీటీ చేతికి ఇచ్చినప్పుడే డాక్టరును రెండు మాటలు అడగండి. "సార్, ఇది డై (రంగు మందు) ఎక్కించేదా, ఎక్కించనిదా? ఇందులో దేనికోసం చూస్తున్నారు?" ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. జవాబు చీటీ మీద రాయించుకుంటే ఫొటోలు తీసే మాకు ఎంతో సాయం. కొత్త రక్తనాళాలు మొలిచాయా అని చూడాలంటే కంటి అంచుల దాకా తీయాలి. మధ్యలో వాపు ఎక్కడినుంచి ఊరుతోందో చూడాలంటే మధ్యభాగాన్ని పది నిమిషాల దాకా వదలకుండా తీయాలి.

ఎఫ్.ఎఫ్.ఏ.లో చేతి నరంలోకి ఫ్లోరసీన్ అనే పసుపుపచ్చ రంగు మందు ఎక్కిస్తారు. అది పది, పదిహేను సెకన్లలో కంటికి చేరుతుంది. నీలి వెలుగు పడితే మెరుస్తుంది. ఆ మెరుపును కెమెరా వరుసగా ఫొటోలు తీస్తుంది. సూది చేతికే, కంటికి కాదు. వైరు లేదు, కోత లేదు, మత్తు లేదు. కొత్తదేమో అని భయపడేవాళ్ల కోసం చెబుతున్నాను: 1960లో అమెరికాలోని ఇండియానాలో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు దీన్ని మనుషుల మీద మొదలుపెట్టారు. మొదట తీసింది ఆల్విస్ కంటికే. అరవై ఏళ్లు దాటిన పరీక్ష ఇది.

ఓ.సి.టి. యాంజియోలో డై అసలే లేదు. ఒకేచోట వెంటవెంటనే స్కాన్లు తీసి, వాటి మధ్య తేడాను యంత్రం లెక్కగడుతుంది. కదిలేవి రక్తకణాలే కాబట్టి రక్తం పారే దారులు తెల్లగా వస్తాయి. కొన్ని సెకన్ల పని. అందుకే చాలామంది "డై వద్దు సార్, అదే తీయండి" అంటారు. కానీ రెండూ ఒకటి కావు. రక్తనాళం ఎక్కడ మూసుకుపోయిందో ఓ.సి.టి. యాంజియో చక్కగా చూపిస్తుంది, ఎక్కడ కారుతోందో చూపించలేదు. రక్తం మరీ నెమ్మదిగా కదిలే చిన్న బుడిపెలు కొన్ని అందులో కనిపించకుండా పోతాయి. మీకు ఏది కావాలో డాక్టరుకు వదిలేయండి, కారణం మాత్రం అడిగి తెలుసుకోండి.

ఐ.సి.జి. అని రాస్తే అది ఆకుపచ్చ డై. రెటీనా వెనకున్న పొరలోని రక్తనాళాల కోసం వాడతారు. ఆ మందులో అయోడిన్ ఉంటుంది. అయోడిన్ మందులు పడనివాళ్లు, లివరు జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

శుక్లం బాగా ముదిరినా, కంటి లోపల రక్తం నిండినా ఏ యాంజియో ఫొటో కూడా సరిగా రాదు. అప్పుడు కంటి అల్ట్రాసౌండు చేస్తారు. లేదా ముందు శుక్లం తీస్తారు.

తీసుకుపోవలసినవి

- డాక్టరు చీటీ, పాత చీటీలన్నీ, ఇంతకుముందు తీసిన కంటి ఫొటోలు. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫొటోలు కూడా.
- మీరు వాడే మందులు అట్టలతో సహా. "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అన్నీ ఒక కవర్లో వేసుకుని రండి.
- ఈమధ్య చేయించిన షుగర్, బీపీ వివరాలు, డై పరీక్ష అయితే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు.
- తోడు ఒకరు. ఇది తప్పనిసరి.
- చల్లద్దాలు, టోపీ లేదా తలకు తువ్వాలు. కర్నూలు ఎండలో కంటిపాప పెద్దది చేసిన కళ్లతో బయటికి రావడం చాలా బాధ.
- పాత చొక్కా లేదా పాత చీర. డై చుక్క పడితే మరక పోవడం కష్టం.
- ఖాళీ పెన్‌డ్రైవు. ఎందుకో తర్వాత చెబుతాను.

చేయాల్సిన పనులు, వరుసగా

1. బయలుదేరే ముందు రోజు ఫోను చేయండి. యంత్రం పనిచేస్తోందా, డై ఉందా, ఏ రోజు చేస్తారు, ఎంత ఖర్చవుతుంది అని నాలుగు మాటలు అడగండి. కొన్నిచోట్ల డై పరీక్షలు వారంలో కొన్ని రోజులే పెట్టుకుంటారు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఓపీ వేళలు కూడా కనుక్కోండి. మధ్యాహ్నం చేరుకుంటే ఆ రోజుకు కంటిపాప పెద్దది చేసే వ్యవధి కూడా ఉండదు.

2. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఆపాలన్న మాట చాలామంది విని ఉంటారు. అది సి.టి. స్కాన్‌లో వాడే అయోడిన్ డై విషయంలో, అదీ కొందరికి మాత్రమే. ఫ్లోరసీన్ ఆ జాతి మందు కాదు. బీపీ మాత్ర అసలే ఆపకూడదు. పొద్దున బీపీ మాత్ర మానేసి వచ్చి, ఇక్కడ బీపీ ఎక్కువగా ఉందని పరీక్ష వాయిదా పడినవాళ్లను నేను తరచూ చూస్తుంటాను. రక్తం పలచబడే మాత్రలు కూడా డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఆపొద్దు.

3. తేలిగ్గా తినండి. పూర్తి పస్తు అవసరం లేదు. ఎన్ని గంటల ముందు తినాలో ఒక్కో ఆసుపత్రి ఒక్కోలా చెబుతుంది, వాళ్లు చెప్పిందే పాటించండి. ఉగ్గాని ఒక చిన్న ప్లేటు తింటే ఫర్వాలేదు, పక్కన మిరపకాయ బజ్జీలు మాత్రం ఆ రోజుకు వద్దు. నూనె, కారం దండిగా పోతే డై ఎక్కినప్పుడు వాంతి వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఇన్సులిన్ వేసుకుని పస్తు ఉండటం ప్రమాదం. వరుసలో కూర్చున్నప్పుడు చెమటలు, వణుకు వస్తే పరీక్ష సంగతి తర్వాత, ముందు చక్కెర నోట్లో వేసుకుని నర్సుకు చెప్పండి.

4. చెప్పాల్సినవన్నీ చెప్పండి. గర్భవతి అయితే, నెల తప్పిందన్న అనుమానం ఉన్నా సరే, చెప్పాలి. సాధారణంగా డై పరీక్ష ప్రసవం దాకా వాయిదా వేస్తారు. పాలిచ్చే తల్లి అయితే డై కొన్ని రోజులు పాలలో వస్తుంది కాబట్టి బిడ్డకు ఏం పట్టాలో ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఆస్తమా, ఇంతకుముందు ఏ మందుకైనా దద్దుర్లు, ఈమధ్య గుండెపోటు లేదా పక్షవాతం, డయాలసిస్, నీటికాసులు, ఇవన్నీ చెప్పాలి. గుండెకు, బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటుంటే అవి కూడా చూపించండి. ఒకవేళ డై పడక ఒళ్లు ఎదురుతిరిగితే చేసే వైద్యానికి ఆ మాత్రలు అడ్డం పడతాయి. డాక్టరు ముందు జాగ్రత్తపడతారు.

   కిడ్నీ గురించి ఒక మాట. ఫ్లోరసీన్ కిడ్నీల ద్వారా మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీలను చెడగొట్టే మందుగా దాన్ని చూడరు. క్రియాటినిన్ ఎక్కువ ఉంటే మందు తగ్గించి ఇవ్వాలా, డై లేని పరీక్ష సరిపోతుందా అని ఆలోచిస్తారు. అందుకే ఆ రిపోర్టు అడుగుతారు.

5. రక్త, మూత్ర పరీక్షలు ఉంటే డైకి ముందే ఇచ్చేయండి. డై ఒంట్లో ఉన్నప్పుడు కొన్ని పరీక్షల లెక్కలు తప్పుగా వస్తాయి.

6. కంటిలో చుక్కలు వేస్తారు, ఓపికగా కూర్చోండి. కంటిపాప పెద్దది కావడానికి అరగంట పైనే పట్టొచ్చు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ఆలస్యం. కళ్లు మూసుకుని కూర్చోవడం మేలు. ఫోను చూస్తూ కూర్చోకండి. చుక్కలు వేశాక మూడు, నాలుగు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువసేపు దగ్గరిచూపు మసకగా ఉంటుంది. బైకు నడపకూడదు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజు తీసేసి రావాలి, డై వాటికి పట్టుకుంటుంది.

7. ముందు డై లేని ఫొటోలు. రంగు ఫొటో, ఓ.సి.టి. (రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్), ఓ.సి.టి. యాంజియో ముందు, డై చివర. ఈ వరుస ముఖ్యం. కంటి సొంత మెరుపును తీసే ఫొటో డై ఎక్కాక తీస్తే పనికిరాదు. పైగా డై ఫొటోల ఫ్లాష్ వెలుగు తిన్న కళ్లు తర్వాత స్థిరంగా నిలవవు.

   ఓ.సి.టి. యాంజియోకు గడ్డం ఆనించి, నుదురు పట్టీకి గట్టిగా తగిలించండి. లోపల కనిపించే గుర్తునే చూడండి. కదిలే గీతను చూడకండి. చాలామంది దాని వెంట కళ్లు తిప్పుతారు, ఫొటో చెడిపోయేది అక్కడే. మొదలుపెట్టే ముందు రెండు మూడుసార్లు గట్టిగా రెప్పలాడించండి. దుమ్ము, ఏసీ గాలి వల్ల కన్ను పొడిబారితే బొమ్మ మసకబారుతుంది. కన్ను పొడిగా అనిపిస్తే "కన్నీటి చుక్క వేయండి" అని అడగండి. ఆ కంటితో గుర్తు కనిపించకపోతే మౌనంగా ఉండకండి. రెండో కంటికి వేరే గుర్తు పెట్టి తీసే ఏర్పాటు ఉంటుంది.

8. డై ఎక్కించే ముందు గదిని ఒకసారి చూడండి. అంగీకార పత్రం చదివించుకుని సంతకం పెట్టండి. అత్యవసర మందుల ట్రే, ఆక్సిజన్ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి ఆసుపత్రిలో ఈ ప్రశ్నకు ఎవరూ కోపగించుకోరు. చర్మం కింద టెస్ట్ డోస్ వేసి ఏమీ కాలేదని చెప్పినంత మాత్రాన రియాక్షన్ రాదని పూర్తి భరోసా లేదు. ట్రే ఉండాల్సిందే.

9. డై ఎక్కినప్పుడు. సూది దగ్గర మంట, నొప్పి, ఉబ్బు అనిపిస్తే ఆ క్షణమే చెప్పండి. ఓర్చుకోకండి. డై నరం బయటికి పోతోందన్నమాట. ఆపి, చల్లటి కాపడం పెట్టి, వేరేచోట సూది వేస్తారు.

   అర నిమిషం, ఒక నిమిషం తర్వాత కొందరికి కడుపులో తిప్పుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. నోటితో నెమ్మదిగా గాలి పీల్చి వదలండి. తల వెనక్కి లాగకండి. మొదటి అర నిమిషంలో వచ్చే ఫొటోలు మళ్లీ దొరకవు. డై ఎంత ఆలస్యంగా చేరింది, ఏ కొమ్మలోకి పోలేదు అన్నది చెప్పేవి ఆ ఫొటోలే. వాంతి ఆగదనిపిస్తే మాత్రం చెయ్యెత్తండి, గిన్నె పక్కనే ఉంటుంది.

   ఇవి వస్తే వెంటనే చెప్పాలి: ఒళ్లంతా దురద, దద్దుర్లు, వరుస తుమ్ములు, పెదవులు ఉబ్బడం, గొంతు బిగుసుకున్నట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం. ఇలాంటి తీవ్రమైన రియాక్షన్లు అరుదు. 1986లో అమెరికాలో వచ్చిన పెద్ద సర్వేలో దాదాపు 1,900 పరీక్షలకు ఒకటి తేలింది. అరుదే గానీ, వస్తే నిమిషాల్లో ముదురుతుంది.

10. అరగంట అక్కడే కూర్చోండి. పరీక్ష అయిపోగానే బస్టాండుకు పరుగెత్తకండి. రియాక్షన్ వచ్చేదేదైనా ఎక్కువగా ఈ వ్యవధిలోనే వస్తుంది. సూది తీసేదాకా, తీసిన తర్వాత కూడా ఒంట్లో ఎలా ఉందో గమనించుకోండి.

నరం దొరక్క నాలుగుచోట్ల పొడిపించుకున్నవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఫ్లోరసీన్ నోటితో తాగించి ఫొటోలు తీసే పద్ధతి కూడా ఉందని తెలుసుకోండి. మొదటి సెకన్ల ఫొటోలు అందులో సరిగా రావు, కారడం మాత్రం కనిపిస్తుంది. మీ ఆసుపత్రిలో చేస్తారా అని అడగండి.

బయటికి వచ్చే ముందు ఫొటోలు చూసుకోండి

ఎక్కువమంది వదిలేసే పని ఇదే. కౌంటర్లో కవరు తీసుకుని సంచిలో పెట్టుకుని వెళ్లిపోతారు. మీరు డాక్టరు కానక్కర్లేదు, ఈ కింది వాటిని ఎవరైనా చూడొచ్చు. తేడా కనిపిస్తే అక్కడే అడిగితే అప్పటికప్పుడు మళ్లీ తీస్తారు. డై లేని ఫొటో మళ్లీ తీయడం రెండు నిమిషాల పని, అదే మళ్లీ ఇంకో రోజు వచ్చి తీయించుకోవడం మీకు రోజంతా పని.

పేరు, వయసు, తేదీ మీవేనా? కుడి కన్ను, ఎడమ కన్ను సరిగా రాశారా? ఓ.డి. అంటే కుడి, ఓ.ఎస్. అంటే ఎడమ. ఒకే పేరున్నవాళ్లు వరుసలో ఇద్దరు ముగ్గురు ఉండటం మన దగ్గర మామూలే.

ఓ.సి.టి. యాంజియో కాగితం మీద సిగ్నల్ బలం అని ఒక అంకె ఉంటుంది. పదికి ఇచ్చే యంత్రాల్లో ఏడు, అంతకన్నా ఎక్కువ ఉంటే మంచిది. నాలుగో అయిదో ఉంటే శుక్లం వల్ల అంతకన్నా రాదా, కన్ను పొడిబారి అలా వచ్చిందా అని అడగండి. బొమ్మకు అడ్డంగా తెల్లటి గీతలు ఉంటే కన్ను కదిలిందన్నమాట. ఒకే రక్తనాళం పక్కపక్కన రెండుగా కనిపించినా, మధ్యలో విరిగి పక్కకు జరిగినట్టున్నా అదే కారణం.

ఆ కాగితం చూసి జనం ఎక్కువగా భయపడేది ఒక చోట. సరిగ్గా మధ్యలో నల్లటి చిన్న గుండ్రం ఉంటుంది. "నడిమధ్య రక్తమే లేదు, చూపు పోయినట్టేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ గుండ్రం అందరికీ ఉంటుంది. చూపు బాగా నిలిచే ఆ అర మిల్లీమీటరు చోట సన్న రక్తనాళాలు పుట్టుకతోనే ఉండవు. గుండ్రం అంచు తెగిపోయినట్టు, పెద్దగా, ఎగుడుదిగుడుగా ఉందా అన్నది డాక్టరు చూస్తారు.

మిగతాచోట్ల నల్లగా కనిపించినా అదంతా రక్తం ఆగిపోయిన చోటని కాదు. కంటి లోపల తేలే మరకలు, శుక్లం, రెప్ప వెంట్రుకలు కూడా నీడ వేస్తాయి. పక్కనే ఉన్న మామూలు ఓ.సి.టి. బొమ్మలో అదేచోట నీడ ఉంటే ఇది కూడా నీడే కావొచ్చు. డై ఫొటోల్లోనూ ఇంతే. నల్లటి మచ్చ కనిపిస్తే రంగు ఫొటోలో అదేచోట చూడండి. అక్కడ ఎర్రగా రక్తపు మరక ఉంటే డై మెరుపును ఆ రక్తం కప్పేసింది. రంగు ఫొటోలో శుభ్రంగా ఉండి డై ఫొటోలో నల్లగా ఉంటే, అక్కడికి రక్తం పోవడం లేదేమోనని డాక్టరును అడగాల్సిందే. రెటీనా సిర మూసుకుపోయి రక్తపు మరకలు నిండుగా ఉన్న కంటికి డాక్టరు "కొన్ని వారాలు ఆగి డై చేద్దాం" అంటారు చూడండి, దానికి కారణం ఇదే. మరకలు కరిగితే గానీ కింద ఏముందో కనిపించదు.

డై ఫొటోల్లో ప్రతి దాని మూలన సెకన్లు, నిమిషాలు ఉంటాయి. మొదటి అర నిమిషంవి కొన్ని, మధ్యవి కొన్ని, అయిదు నుంచి పది నిమిషాల మధ్యవి కొన్ని ఉండాలి. రెండో కంటివి కూడా ఉండాలి, ఎందుకంటే షుగర్ రెండు కళ్లనూ వదలదు. షుగర్ వల్ల వచ్చిన జబ్బయితే అంచుల ఫొటోలు ఉన్నాయో లేదో చూడండి. కారుతున్న చోటును మీరే పోల్చుకోవచ్చు. మొదటి ఫొటోల్లో చిన్నగా ఉన్న తెల్లటి చుక్క ఆఖరి ఫొటోల్లో బట్ట మీద పడ్డ సిరాలా పెద్దదై, అంచులు అలుక్కుపోతే అది కారడం. ఎంత పెద్దదైతే అంత ముప్పని మాత్రం మీరే తేల్చుకోకండి. కంటి మధ్యకు ఎంత దగ్గర అన్నది పరిమాణం కన్నా ముఖ్యం.

రిపోర్టులో సి.ఎన్.పి. అని ఉంటే సన్న రక్తనాళాల్లో రక్తం ఆగిపోయిన చోట్లు. ఎన్.వి.ఇ., ఎన్.వి.డి. అని ఉంటే కొత్తగా మొలిచిన నాసిరకం రక్తనాళాలు. అవి పగిలి కంట్లో రక్తం నింపుతాయి. ఎన్.వి.ఇ., ఎన్.వి.డి.లలో ఏది కనిపించినా "పండగ తర్వాత చూపించుకుంటాం" అనకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడి లేజరు తేదీ తీసుకునే ఇల్లు చేరండి. చూపు ఇప్పుడు బాగానే ఉంది కదా అని ఆగిపోయినవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పెట్టినా మళ్లీ చెబుతాను, కొత్త రక్తనాళాలు పగిలే ముందురోజు దాకా చూపు బాగానే ఉండొచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాత ఫొటోలు ఇంట్లో వదిలేసి రావడం అన్నింటికన్నా పెద్ద నష్టం. ఆర్నెల్ల క్రితం ఎలా ఉందో తెలియకపోతే, ఇప్పుడున్నది తగ్గిందో పెరిగిందో ఒక్క ఫొటోతో చెప్పడం కష్టం.

ఒకసారి ఒక ఆసుపత్రిలో, ఇంకోసారి ఇంకోచోట తీయించుకుని అంకెలు పోల్చుకోవడం మరొకటి. రక్తనాళాల సాంద్రత అని వేసే శాతం ఒక్కో యంత్రానికి ఒక్కో లెక్క. మూడు మిల్లీమీటర్ల స్కానును ఆరు మిల్లీమీటర్ల స్కానుతో కూడా పోల్చకూడదు. వీలైతే అదే యంత్రం, అదే కొలత. వేరేచోట తప్పకపోతే అంకెలు వదిలేసి ఫొటోలనే పక్కపక్కన పెట్టి చూడమనండి.

కళ్లలో సూదులు వేయించుకుంటున్నవాళ్లు వాపు తగ్గగానే యాంజియో కూడా బాగుంటుందనుకుంటారు. వాపు తగ్గడం వేరు, ఆగిపోయిన రక్తం మళ్లీ పారడం వేరు. అందుకే డాక్టరు మళ్లీ రాశారంటే డబ్బు కోసం అనుకోకుండా, ఏం చూడాలనుకుంటున్నారో అడగండి.

ఇంకొకటి, తోడు లేకుండా రావడం. మసక కళ్లతో, ఎండలో, రాజ్‌విహార్ దగ్గర రోడ్డు దాటడం కన్నున్నవాళ్లకే కష్టం.

ఇంటికి వెళ్లాక

చర్మం, కంటి తెల్లగుడ్డు కొన్ని గంటలు పసుపుపచ్చగా ఉంటాయి. మూత్రం మరునాటి దాకా నారింజ రంగులో వస్తుంది. కామెర్లు కావు, పసరు మందు అక్కర్లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ రంగు ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది. నీళ్లు బాగా తాగమంటారు. అయితే గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలత దాటకండి. ఆ రోజంతా ఎండ తగలనివ్వకండి.

రాత్రికి కన్ను ఎర్రబడి, విపరీతంగా నొప్పి, తలనొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే కంటిలో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. కంటిపాప పెద్దది చేసిన చుక్కల వల్ల కొందరికి అలా అవుతుంది. తెల్లారేదాకా ఆగకండి. సూది వేసిన చోట ఎర్రగా, గట్టిగా అయితే మరునాడు చూపించండి.

ఇక పెన్‌డ్రైవు సంగతి. ప్రింటు కాగితం మీద పది, పన్నెండు ఫొటోలే వస్తాయి. యంత్రంలో అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. హైదరాబాదుకో బెంగళూరుకో పంపినప్పుడు అక్కడి డాక్టరు అడిగేది ఆ అసలు ఫొటోలనే. కౌంటర్లో "అన్నీ కాపీ చేసివ్వండి" అని అడగండి. కాపీ అయ్యాక అక్కడే కంప్యూటర్లో తెరిపించి, రెండు కళ్లవీ ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని యంత్రాల ఫైళ్లు మామూలు కంప్యూటర్లో తెరుచుకోవు, వాటిని మామూలు ఫొటోలుగా మార్చి ఇమ్మనండి. ఇంటికి వెళ్లాక ఇంకో ప్రతిని కొడుకు ఫోనులోనో కూతురు ఫోనులోనో పెట్టి, ఫైలు పేరులో తేదీ, ఏ కన్ను అన్నది తెలుగులోనే రాసి ఉంచండి. మళ్లీసారి వచ్చేటప్పుడు వెతుక్కునే పని ఉండదు.